తెలుగు కథలో మన ఇళ్ళు ఎన్ని?

“మీరు సాయిబులా? తెలుగు భలే మాట్లాడుతున్నారే!” ఈ మాట వినని తెలుగు ముస్లిం బహుశా ఉండరు. బస్సు ప్రయాణంలోనో, అద్దె ఇంటి వేటలోనో, పిల్లల బడిలోనో, ఆసుపత్రి వరండాలోనో ఎప్పుడో ఒకప్పుడు అది ఎదురవుతుంది. అనేవారి మనసులో ద్వేషం ఉండదు. మెచ్చుకోలుగానే అంటారు. కానీ ఆ మెచ్చుకోలు అడుగున ఒక తీర్మానం ఉంది. తెలుగు మరెవరి సొత్తో అయినట్టు, మనం దానిని శ్రమపడి నేర్చుకున్నట్టు. గంపలగూడెం చుట్టుపక్కల పల్లెల్లో ముత్తాతల కాలం నుంచి తెలుగులోనే బేరాలాడి, తెలుగులోనే కౌలు మాట్లాడుకుని, తెలుగులోనే తగవులు తీర్చుకున్న కుటుంబాలకు ఈ ప్రశంస ఎంత వింతగా తోస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ అపోహకు రాజకీయాలను నిందించడం తేలిక. నిందించవలసినంత ఉన్నది కూడా. అయితే నా దృష్టిలో మరొక కారణం ఉంది. పక్కింటి సాయిబు ఏ మాటతో బిడ్డను లాలిస్తాడో, ఏ అప్పుకు భయపడి రాత్రి నిద్రపోడో, కూతురి పెళ్ళి కుదిరిన రోజున ఆ ఇల్లాలు ఎవరితో మొదట చెప్పుకుంటుందో తెలుగు పాఠకునికి చాలాకాలం ఎవరూ చెప్పలేదు. చట్టం చెప్పలేని సంగతులివి. ఉపన్యాసాలకు అందవు. కథ ఒక్కటే చెప్పగలదు. కథ ఊరుకున్నచోట సినిమా మాట్లాడింది. “నమ్మల్కీ, నిమ్మల్కీ” అంటూ తెలుగును వంకర్లు తిప్పే ఒక సాయిబును తయారు చేసి, నవ్వించడానికి ఒకసారి, కథానాయకుని కోసం ప్రాణమివ్వడానికి మరొకసారి, బాంబు పెట్టడానికి ఇంకొకసారి వాడుకున్నది. అటువంటి తెలుగు మాట్లాడే మనిషిని అరవై ఏళ్ళు దాటిన ఈ వయసు వరకు మా ప్రాంతంలో నేను చూడలేదు.

ఆధునిక తెలుగు కథ మొదట్లోనే ఈ వైపు చూసిన మాట నిజం. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ రాసిన 1910 ప్రాంతంలోనే ‘పెద్దమసీదు’ అనే కథ కూడా రాశారు. తరువాత అది ‘మతము - విమతము’ అనే పేరుతోనూ ప్రచారంలోకి వచ్చింది. గుడికీ మసీదుకీ నడుమ మనుషులు ఏమవుతారన్న ప్రశ్న తెలుగు కథకు పుట్టుకతోనే ఉన్నదన్నమాట. కానీ ఆ తరువాతి ఎనభై ఏళ్ళలో ఆ ప్రశ్నను మసీదు వైపు నిలబడి చూసినవారు బహు తక్కువ. మంచి మనసుతో ముస్లిం పాత్రలను సృష్టించిన రచయితలు లేకపోలేదు. వారి కథల్లో సాయిబు అతిథిగా వస్తాడు. పాలు పోసి, అత్తరు అమ్మి, లేదా మైత్రికి నిదర్శనంగా నిలిచి వెళ్ళిపోతాడు. అతడు తన ఇంటికి తిరిగి వెళ్ళిన తరువాత ఏమవుతుందో ఆ కథకు తెలియదు.

ఆ తలుపు తెరిచినవారు మన పిల్లలే. కడప జిల్లాలో సత్యాగ్ని, దాదాహయాత్ వంటివారు ముందు నడిచారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ కవిత తెలుగు సాహిత్యాన్ని నిలదీసింది. మరుసటి సంవత్సరం డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. అంతవరకు తాము రచయితలమని మాత్రమే అనుకున్నవారు ఆనాడు తమ పేర్లను తాము మళ్ళీ చదువుకున్నారు. అప్పటికే దళిత సాహిత్యం ‘మా బతుకు మేమే రాస్తాం’ అని బాట వేసి ఉంది. ఆ బాట పక్కనే ముస్లిం సాహిత్యం నడిచింది. కవిత్వం ముందు వచ్చింది, కథ వెనుక వచ్చింది. ఆగ్రహం కవితలో ఇముడుతుంది, సంసారం కథలో గాని ఇమడదు.

1999లో మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ పుస్తకంగా వచ్చినప్పుడు చాలామంది తెలుగువారు మొదటిసారిగా ఒక ముస్లిం ఇంటి వంటగదిలోకి వెళ్ళారని నా నమ్మకం. నెల్లూరు జిల్లా కావలి ప్రాంతపు మాటతీరు, ఒక అల్లరి పిల్లవాడి చూపు, కష్టంలోనూ నవ్వించే ధోరణి. వాదం ఎక్కడా గొంతు చించుకోదు. చదివి ముగించిన హిందూ మిత్రుడొకరు, “మా అమ్మ కూడా అచ్చం ఇట్లాగే తిట్టేదండీ” అన్నారు. అంతకు మించిన మత సామరస్య సభ నేను చూడలేదు. ఆయన ‘న్యూ బాంబే టైలర్స్’ కథ చదివితే, రెడీమేడ్ దుస్తుల దుకాణం వచ్చిన ప్రతి ఊళ్ళోనూ కుట్టు మిషను ఎందుకు మూగబోయిందో తెలుస్తుంది. ఆ మిషన్ల వెనుక కూర్చున్నవారిలో మనవాళ్ళు ఎందరో!

2004లో స్కైబాబా సంపాదకత్వంలో ‘వతన్’ వచ్చింది. ముస్లిం జీవితం మీద రాసిన కథలన్నిటినీ ఒకచోట చేర్చిన ఆ సంకలనంతో మనకొక లెక్క దొరికింది. ఆయన సొంత కథల సంపుటి ‘అధూరే’ తరువాత ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. అక్కడ దాని పేరు ‘వెజిటేరియన్స్ ఓన్లీ’. నగరంలో అద్దె ఇల్లు వెతుక్కునే ముస్లిం దంపతుల కథ అది. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు వెనుక ఉన్న అసలు మాటేమిటో మన పాఠకులకు నేను విప్పి చెప్పనవసరం లేదు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. శుక్రవారం నమాజు మానకూడదని కొడుకును పోరే ఒక పల్లెటూరి తల్లి, హైదరాబాదు మక్కా మసీదు పేలుడు తరువాత ఏమంటుందన్నది ఆ పేరు గల కథ. 2007 మే 18న ఆ పేలుడు జరిగిన తరువాత వార్తాపత్రికలు రాసిన వందల పుటల్లో ఆ తల్లి లేదు. షాజహానా కథల సంపుటికి ‘లద్దాఫ్ని’ అని పేరు. ఆ ఒక్క మాటలో ఎంత ఉన్నదో తెలియాలంటే మరొక దారిన వెళ్ళాలి.

ఉద్యోగకాలంలో నా చేతుల మీదుగా వేల సంఖ్యలో కులధ్రువీకరణ దరఖాస్తులు వెళ్ళాయి. విరమణ తరువాత కూడా మసీదు వరండాలో కూర్చుని ఉపకార వేతనాల కాగితాలు నింపిపెట్టడం నా పని. కాబట్టి ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితా నాకు కంఠోపాఠం. 1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద వచ్చిన జాబితాలో ‘దూదేకుల, లద్దాఫ్, పింజారి లేక నూర్‌బాషా’ అని బి-గ్రూపులో ఉంటుంది. ‘మెహతర్ ముస్లిం’ ఎ-గ్రూపులో ఉంటారు. 2007లో చట్టం చేసి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఇ-గ్రూపులో 14 వర్గాలను చేర్చారు. ఆ పేర్లు ఒక్కసారి చదవండి. అచ్చుకట్టలవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీ, ఫకీరు, గారడీ సాయిబులు, గోసంగి ముస్లిం, గుడ్డి ఎలుగువాళ్ళు, హజామ్, లబ్బి, ఖురేషీ, షేక్, సిద్దీ, తురక కాశ... తురక కాశలకు ఆ జాబితాలోనే మరొక పేరు ఉన్నది, రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు.

ప్రభుత్వ కాగితం ఇంత కవిత్వం రాయగలదని ఎవరనుకుంటారు! ఎలుగుబంటిని ఊరూరా తిప్పి, దాని వెంట్రుకతో తాయెత్తు కట్టి బతికిన మనిషి ఉన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత క్రమంగా అతని చేతిలోని తాడు ఖాళీ అయింది. అతని కొడుకు ఏమయ్యాడు? ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వీధివీధికీ తిరిగి, అరిగిన రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు పెట్టిన మనిషి ఉన్నాడు. మిక్సీ, గ్రైండరు వచ్చిన తరువాత అతని కేక మన వీధుల్లో ఆగిపోయింది. అతని భార్య ఏ ఇంట్లో పనికి కుదిరింది? ధ్రువపత్రంలో ఒక గడి నింపితే నా పని అయిపోయేది. ఆ గడిలో పట్టని జీవితమంతా కథకు మిగిలి ఉంది. ప్రభుత్వ జాబితా గుర్తించినన్ని రకాల ముస్లింలను కూడా తెలుగు కథ ఇంకా గుర్తించలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన అసలు విషయం ఇదే.

‘ముస్లిం జీవితం’ అని ఏకవచనంలో మాట్లాడటం బయటివారు చేస్తే మనకు కోపం వస్తుంది. మనమూ అదే చేస్తున్నాం. సభల్లో “ఒకే ఉమ్మత్, ఒకే వరుస” అంటాం. నమాజులో అది అక్షరాలా నిజం, అల్‌హమ్దులిల్లాహ్. పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి ఎవరు షేకు, ఎవరు సయ్యదు, ఎవరు దూదేకుల అన్న విచారణ మొదలవుతుంది. దూదేకుల వారికి ‘మీకు ఉర్దూ రాదు, మీరు సగం ముస్లింలు’ అన్న చూపు మనలో కొందరి నుంచే ఎదురైంది. షాజహానా ఆ పేరును పుస్తకం అట్ట మీద పెట్టడంలోని ధైర్యం అందుకే గొప్పది. చెప్పుకోవడానికి వెనుకాడిన మాటను ఆమె బిరుదుగా మార్చుకున్నారు.

దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలంటే దూది, పరుపులు మాత్రమే గుర్తుకు రాకూడదు. కోస్తా జిల్లాల్లో నాదస్వరాన్ని తరాల తరబడి బతికించినవారిలో వీరున్నారు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, దేశమంతా తలవంచిన విద్వాంసులయ్యారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. దేవాలయ ఉత్సవంలో వాయించి వచ్చి ఇంట్లో నమాజు చేసుకునే విద్వాంసుడు, భర్త పక్కన కూర్చుని నాదస్వరం అందుకున్న స్త్రీ! అవార్డు వచ్చినరోజు పత్రికలు వీరిని ‘సామరస్యానికి ప్రతీక’ అని పొగిడి ఊరుకుంటాయి. ప్రతీకలకు ఆకలి వేయదు, మోకాళ్ళ నొప్పులు రావు, పిల్లల ఫీజులు ఉండవు. ఆ ఇంటి లోపలి కథ మాత్రం ఇంకా రావలసే ఉంది. పీర్ల పండుగ సంగతీ అంతే. ధార్మికంగా దాని మీద మనలో భిన్నాభిప్రాయాలున్నాయి, అది ఉలమాలు తేల్చవలసిన విషయం. కానీ అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప స్వామి చుట్టూ రెండు మతాలవారు ఎలా గుమికూడతారో పరిశోధించి అఫ్సర్ రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. ఖమ్మం జిల్లా నుంచి వెళ్ళి అమెరికాలో బోధిస్తున్న అఫ్సర్, తెలుగులో కథలు కూడా రాస్తున్నారు. ఎంత దూరం పోయినా ఊరు వదలదు గదా!

దూరపు మాట వచ్చింది గనుక కెనడా గురించి కొంత చెప్పాలి. ఇప్పుడు మా తిరువూరు ప్రాంతం పిల్లలు కూడా చదువు కోసం ఆ దేశం వెళుతున్నారు. తల్లిదండ్రులు “అక్కడ అన్ని మతాలనూ సమానంగా చూస్తారట” అని చెప్పుకుంటారు. బహుళ సంస్కృతుల విధానాన్ని 1971లోనే ప్రకటించి, 1988లో దానిని చట్టం చేసిన దేశం అది. అక్కడి కథానికల్లో ఆ వైవిధ్యం ఎలా వచ్చిందన్నది మనకు పనికివచ్చే పాఠం. కెనడా కథకు ప్రపంచ ఖ్యాతి తెచ్చినవారు ఆలిస్ మన్రో. 2013లో నోబెల్ బహుమతి పొందారు. ఆమె రాసింది ఎక్కువగా ఒంటారియో రాష్ట్రపు చిన్న ఊళ్ళ గురించే. బొంబాయి పార్సీ ఇళ్ళ గురించి ఆమె రాయలేదు. రాయవలసిన అవసరమూ లేదు. అది బొంబాయి నుంచి వలస వెళ్ళి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసిన రోహింటన్ మిస్త్రీ రాశారు. గుమాస్తాలు కథలు రాయగలరని చెప్పుకోవడానికి నాకు కొంత గర్వంగానే ఉంది. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడిన గుజరాతీ ముస్లింల జీవితాన్ని ఎం.జి. వాసన్‌జీ 1991లో ‘ఉహురు స్ట్రీట్’ కథల్లో చెప్పారు. ఆదివాసుల కథలను, వారి మౌఖిక సంప్రదాయపు హాస్యంతో థామస్ కింగ్ రాశారు.

మిస్త్రీ 1987లో ప్రచురించిన ‘టేల్స్ ఫ్రమ్ ఫిరోజ్‌షా బాగ్’లో ఒక కథ నాకు మరీ ఇష్టం. కెనడా వెళ్ళిన ఒక యువకుడు పదేళ్ళలో పూర్తి కెనడియన్‌గా మారకపోతే తిరిగి వచ్చేస్తానని శపథం చేస్తాడు. అన్నిటా మారతాడు గాని, మరుగుదొడ్డి దగ్గర మాత్రం పాత అలవాటు వదలదు. నవ్విస్తూనే ఆ కథ, పైకి అందరినీ ఆహ్వానించే విధానాలను కూడా ఎగతాళి చేస్తుంది. అదే పుస్తకం చివరి కథలో, కొడుకు కెనడా నుంచి తాను రాసిన కథలను పంపితే బొంబాయిలో తల్లి, తండ్రి కూర్చుని చదువుకుంటారు. మనల్ని గురించి ఏం రాశాడో, ఎందుకు రాశాడో అని మాట్లాడుకుంటారు. ఆ ముసలి దంపతుల స్థానంలో మనమున్నాం. మన పిల్లలు రాసిన కథలను మనం చదువుతున్నామా?

కెనడా స్వర్గమని నేను అనడం లేదు. ఆదివాసి పిల్లలను తల్లుల ఒడి నుంచి లాక్కుపోయి వసతి బడుల్లో వారి భాషలను చంపిన చరిత్ర ఆ దేశానిదే. 2017 జనవరి 29న క్యుబెక్ నగరంలోని మసీదులో నమాజు చేసుకుంటున్నవారిపై ఒకడు కాల్పులు జరిపి ఆరుగురిని పొట్టనబెట్టుకున్నాడు. 2019లో అదే క్యుబెక్ రాష్ట్రం, ప్రభుత్వ ఉపాధ్యాయులు హిజాబు వంటి మత చిహ్నాలు ధరించరాదని చట్టం చేసింది. కాబట్టి కథలు తుపాకిని ఆపుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆ ఆరుగురు చనిపోయిన మరునాడు వారిని మనుషులుగా గుర్తించడానికి ఇరుగుపొరుగుకు కొంత ముందస్తు పరిచయం ఉండాలి. ఆ పరిచయం కథలు చేయగలవు.

కెనడా వరకు ఎందుకు, పొరుగు కర్ణాటకను చూడండి. హాసన్‌కు చెందిన బాను ముష్తాక్ కన్నడంలో రాసిన కథల నుంచి 12 ఎంచి, దీపా భాస్తి ఇంగ్లీషులోకి ‘హార్ట్ ల్యాంప్’ పేరుతో అనువదించగా, 2025 మే నెలలో ఆ పుస్తకానికి అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చింది. ఒక కథల సంపుటికి ఆ బహుమతి రావడం అదే ప్రథమం. కన్నడ పుస్తకానికి రావడమూ ప్రథమమే. ఆ కథల్లో ఉన్నది దక్షిణాది ముస్లిం స్త్రీల సంసారాలే. ఎనిమిదేళ్ళ వయసులో ఆమెను శివమొగ్గలో కన్నడ మాధ్యమ బడిలో చేర్చుకునేటప్పుడు, ఆరు నెలల్లో కన్నడం రాకపోతే బడి మానాలని షరతు పెట్టారట. కొద్ది రోజుల్లోనే నేర్చుకున్న ఆ పిల్ల, కన్నడానికి లోకంలోకెల్లా పెద్ద గౌరవాల్లో ఒకటి తెచ్చిపెట్టింది. అయినా అదే సంవత్సరం మైసూరు దసరా ఉత్సవాలను ఆమె ప్రారంభించరాదని కొందరు న్యాయస్థానాల దాకా వెళ్ళారు. కోర్టులు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చాయి, ఆమె ప్రారంభించారు. మరొకవైపు, మసీదుల్లో స్త్రీల ప్రవేశాన్ని సమర్థించినందుకు 2000 ప్రాంతంలో ఆమెను సాంఘికంగా వెలివేసినవారు మన సముదాయం వారే. రెండు దెబ్బలనూ ఒకచోట పెట్టి చూడగల నిజాయితీ మనకు ఉండాలి.

ఇక్కడ మనలో చాలామంది పెద్దలు చెప్పే అభ్యంతరం వస్తుంది. “ఇంటి గుట్టు లంకకు చేటు. మన లోపాలు మనమే రాస్తే శత్రువుల చేతికి కర్ర ఇచ్చినట్టు గదా?” ఈ భయం పుట్టినకాలం మంచిది కాదు గనుక దీనిని తేలికగా తోసిపుచ్చలేను. తలాక్ మీద, జహేజ్ మీద, కులం మీద రాసిన కథలోని ఒక పేరాను కత్తిరించి ఫోన్లలో తిప్పే మహానుభావులకు కొరత లేదు. కానీ ఆలోచించండి. 2019లో మూడు తలాక్‌ల మీద చట్టం తెచ్చినప్పుడు మన స్త్రీల కన్నీటి గురించి దేశమంతా ఉపన్యాసాలు విన్నది. ఎవరి నోట విన్నది? ఆ కన్నీటిని ముందే మన ఆడపిల్లలు తెలుగులో రాసి, మనం చదివి, మన జమాతులు చర్చించి ఉంటే, ఆ ఉపన్యాసాలకు అంత చోటు దొరికేదా? మన గుట్టు ఎప్పుడో బయటపడింది. దానిని ఎవరు, ఏ ఉద్దేశంతో చెబుతారన్నదే మిగిలిన ప్రశ్న.

మరికొందరు కథలు వ్యర్థ కాలక్షేపమంటారు. దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ అధ్యాయం తనను తాను ఉత్తమ వృత్తాంతంగా పరిచయం చేసుకున్న సంగతి వారికి నాకంటే బాగా తెలుసు. అసూయపడిన అన్నలు, కళ్ళు పోయేలా ఏడ్చిన తండ్రి, చెరసాల, కరువు, క్షమాపణ అన్నీ అందులో ఉన్నాయి. మనుషుల భాషలలోనూ వర్ణాలలోనూ ఉన్న భేదాన్ని సృష్టికర్త సూచనల్లో ఒకటిగా చెప్పిన రూమ్ అధ్యాయం కూడా మనదే. ఆ సూచనను తెలుగులో చదువుకునే హక్కు మనకు లేదా?

ఉర్దూ మాట కూడా తేల్చుకోవాలి. ఉర్దూను నేను ప్రేమిస్తాను. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించినప్పుడు సంతోషించినవారిలో నేనొకడిని. హైదరాబాదు జీలానీ బానో వంటి ఉర్దూ కథకుల వారసత్వం మనది కూడా. అయితే కోస్తా పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో ఉర్దూ లిపి చదవగల యువకులున్నారు? బడి రిజిస్టరులో ‘మాతృభాష: ఉర్దూ’ అని రాయించి, ఇంటికి వచ్చి తెలుగులో అన్నం పెట్టమని అడిగే పిల్లలే ఎక్కువ. ఖుర్ఆన్‌ను తెలుగులోకి మొదట తెచ్చిన చిలుకూరి నారాయణరావు ముస్లిం కారు. ఒక హిందూ పండితుడు మన గ్రంథాన్ని తెలుగులో చెప్పడానికి వెనుకాడనప్పుడు, మన బతుకును తెలుగులో చెప్పుకోవడానికి మనకు సంకోచమెందుకు? దస్తర్‌ఖాన్, చాంద్‌రాత్, ఖాలా, ఫుప్పీ వంటి మాటలు తెలుగు కథలోకి యథాతథంగా రావాలి. రైలును, బస్సును తెలుగు చేసుకున్న పాఠకుడు ఫుప్పీని చేసుకోలేడా? మా సరిహద్దు ప్రాంతపు తెలుగులో ఇప్పటికే కృష్ణా జిల్లా యాస, ఖమ్మం యాస కలిసి నడుస్తున్నాయి. మూడవది చేరితే బండి బరువెక్కదు.

మన రచయితలతోనూ ఒక మాట. ముస్లిం కథ అనగానే సేమ్యా, బిర్యానీ, పీర్లు ఒకవైపు, పేలుళ్ళు, పోలీసులు మరొకవైపు. పత్రికలు కూడా రంజాన్ ప్రత్యేక సంచికకు మొదటి రకం, ఏదైనా ఘోరం జరిగినప్పుడు రెండవ రకం అడుగుతాయి. మిగతా పదకొండు నెలలు మనకు బతుకు లేదా? గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగిపోయిన ఇల్లు, మామిడి తోట కౌలుకు తీసుకుని పూత రాలిపోయిన సాయిబు, ఇంటర్‌లో మండలం ఫస్టు వచ్చి కూడా పై చదువుకు పంపని కూతురు, మసీదు కమిటీ ఎన్నికల్లో అన్నదమ్ముల మధ్య వచ్చిన పగ, వక్ఫ్ స్థలంలో కొట్టు పెట్టుకున్న పెద్దమనిషి... ఇవేవీ ‘ప్రత్యేక సంచిక’ కోసం ఆగవు. ఇప్పటివరకు వచ్చిన మంచి కథల్లో ఎక్కువ భాగం రాయలసీమ, నెల్లూరు, తెలంగాణ నుంచి వచ్చాయి. గంపలగూడెం, తిరువూరు, మైలవరం వంటి మెట్ట ప్రాంతపు ముస్లిం ఇళ్ళు వాటిలో అరుదు.

ఇక చేయదగిన పని. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు సుమారు 81 లక్షలు, అంటే నూటికి తొమ్మిదిన్నర మంది. ఇంటి పన్ను కట్టే ప్రతి ముస్లిం కుటుంబం ఆ 8 పైసలు కూడా కట్టినట్టే. అందుచేత మండల కేంద్రాల్లోని శాఖా గ్రంథాలయాలలో ‘దర్గామిట్ట కథలు’, ‘వతన్’, ‘అధూరే’, ‘జుమ్మా’, ‘లద్దాఫ్ని’ ఉండాలని కోరడం భిక్ష కాదు. అలాగే సయ్యద్ నశీర్ అహమ్మద్ శ్రమించి తెచ్చిన ‘అక్షరశిల్పులు’ కూడా ఉండాలి. తెలుగులో రాసిన ముస్లిం కవులు, రచయితల వివరాల గ్రంథం అది. “మీలో తెలుగు రచయితలున్నారా?” అని అడిగేవారి ముందు ఆ ఒక్క పుస్తకం పెడితే చాలు, మనం నోరు విప్పనక్కరలేదు.

దరఖాస్తు ఎలా రాయాలో చెబుతాను, అది నాకు తెలిసిన విద్య. శాఖా గ్రంథాలయ అధికారి ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి రాయాలి. పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణకర్త, వెల విడివిడిగా పట్టిక వేయాలి. కింద కనీసం ఇరవై మంది పాఠకులు సంతకాలు చేయాలి. వారిలో ముస్లిమేతర మిత్రులు సగం మంది ఉంటే మరీ మంచిది. నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ తప్పక వేయించుకోవాలి. నెల దాటినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, గత మూడేళ్ళలో కొన్న తెలుగు కథల పుస్తకాల జాబితా అడగాలి. అడిగినవారికి ముప్పై రోజుల్లో ఇవ్వవలసి ఉంటుంది.

బడుల్లో తెలుగు ఉపాధ్యాయులుగా ఉన్న మన సోదర సోదరీమణులు మరొక పని చేయవచ్చు. తొమ్మిది, పది తరగతుల పిల్లలను మీ ఇంటి పెద్దల వృత్తి గురించి రెండు పుటలు రాసుకు రమ్మని చెప్పండి. రోళ్ళకు కక్కు కొట్టిన తాత, దూది ఏకిన నానమ్మ, అత్తరు అమ్మిన ముత్తాత ఉన్న పిల్లలు ఆ తరగతిలోనే దొరుకుతారు. వాటిలో బాగున్నవాటిని ఈ పత్రికకే పంపండి. అక్షరదోషాలు దిద్దిపెట్టే పని నేను చేస్తాను.